ఇరవై నాలుగు గంటల డబ్బా

"అవ్వా, కల్లా? జర మాకు గూడ గొంతు తడుపరాదు," అన్నాడు భూమన్న, రామవ్వ చంకలోని తెల్ల ప్లాస్టిక్ డబ్బా వంక ఆశగా చూస్తూ.

మంథని నుంచి కరీంనగర్ పోయే బస్సు కిక్కిరిసి ఉంది. దొరికిన ఒక్క సీట్లో కోడలు వినోదను కూర్చోబెట్టి, రామవ్వ డబ్బాతో నిలబడింది. వినోద ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ బయటికి చూస్తోంది.

"కల్లు గాదు బిడ్డా. ఉచ్చ."

ఎదురు సీట్లోని భూమన్న పడీపడీ నవ్వాడు. అంతలో బస్సు గుంతలో పడి ఎగిరింది. మూత సందులోంచి రెండు చుక్కలు అతని ధోవతి మీద చిందాయి. వేలితో తుడిచి వాసన చూశాడు.

"ఛీ! థూ! నిజంగనే ఉచ్చ!"

కిటికీలోంచి మూడుసార్లు ఉమ్మాడు. పక్కనున్నామె డోకు వచ్చినట్టు నోరు మూసుకుంది. కాలు పెట్టే సందు లేని బస్సులో రామవ్వ చుట్టూ మూరెడు ఖాళీ ఏర్పడింది.

కండక్టర్ మమతారాణి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "గిది బస్సా, బాత్రూమా? పారబొయ్యి, లేకుంటె దిగు."

రామవ్వ రెండు చేతులా డబ్బాను కరుచుకుంది. "పారబొయ్యద్దు బిడ్డా. నిన్న పొద్దుగాల మొదటిది ఇడిసిపెట్టి, ఇయ్యాల పొద్దుగాల దాంక ఒక్క చుక్క గూడ పోకుంట పట్టినం. మూలుగ కేన్సర్ పరీక్ష. హైదరాబాద్ డాక్టరు నెలకొక్కపారే అస్తడు, అది ఇయ్యాలనే. గిది లేకుంటె మందు పనిజేస్తుందో లేదో చెప్పడు."

ఎముకల మూలుగలో చెడిపోయిన కణాలు పనికిరాని ప్రొటీనును కక్కుతాయనీ, అది మూత్రంలోకి దిగుతుందనీ, రోజు మొత్తంలో ఎన్ని గ్రాములు దిగిందో తేలిస్తేనే రోగం తగ్గిందో పెరిగిందో తెలుస్తుందనీ డాక్టరు ఆమెకు రెండుసార్లు విడమరిచి చెప్పాడు.

కండక్టర్ గొంతు కొంచెం తగ్గింది. "ఎవలిది?"

"నాదే. ముసల్దాన్ని, నాకేం సిగ్గు?"

"నీది సరే," అన్నాడు భూమన్న ధోవతి దులుపుకుంటూ. "గా కోడలికేం రోగం? అత్త నిలవడి మోస్తుంటె, ముక్కు మూసుకోని దర్జాగ కూసుంది!"

"పాపం, ఇంట్ల గూడ గింతేనేమో," అంది పక్కనున్నామె. "డబ్బా యాడ వెట్టినవవ్వా రాత్రంత?"

"ఫ్రిజ్జుల. పెరుగు గిన్నె పక్కన."

"యాక్!"

"నిన్నటి సంది పిల్ల పెరుగు ముట్టలే," అంది రామవ్వ మెల్లగా.

"ముడుతదా మరి! పెద్ద దొరసాని!"

వినోద చివాలున లేచి డబ్బా కోసం చెయ్యి చాపింది. రామవ్వ డబ్బాను అవతలి చంకకు మార్చుకుంది. "నువ్వు కదలకు. కూసో."

"సూసిన్రా, పదిమంది తిట్టినంక లేస్తుంది," భూమన్న మళ్ళీ ఉమ్మాడు. "థూ! గిసొంటి కోడలు పగోనికి గూడ రావద్దు."

వినోద నడుము పట్టుకుని కూర్చుంది.

"పోయి ఎనుక మెట్టు కాడ నిలవడవ్వా," అంది కండక్టర్ ముఖం తిప్పుకుని. కరీంనగర్ దాకా రామవ్వ అక్కడే, మూత మీద అరచెయ్యి అదిమిపెట్టి, దుమ్ము తింటూ నిలబడింది.

ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ సృజన తొడుగులేసుకున్న చేతులతో, తల పక్కకు తిప్పుకుని డబ్బా అందుకుంది. గీతలున్న జాడీలోకి వంపి కొలిచింది.

"రెండు చుక్కలు వొలికినయ్ బిడ్డా. చెల్లదా?" రామవ్వ జాడీ వంక వంగి చూసింది.

"లీటరున్నర ఉంది. రెండు చుక్కలకేం గాదు." సృజన సిరంజి తీసింది. "గదే ప్రొటీను రక్తంల గూడ చూడాలె. ఈ డబ్బా ఎవలిదో, వాళ్లొచ్చి కుర్చీల కూసోన్రి."

రామవ్వ కొంగుతో కుర్చీ తుడిచి పక్కకు జరిగింది.

వినోద కూర్చుంది.