ఎర్రదారం గొంగడి

"ఆ గొంగడి కింద పెట్టు!"

శంషాబాద్ అంగట్లో ఆ కేకకు బేరాలన్నీ ఆగిపోయాయి. కుర్మయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చి మామిడిపల్లి సత్తయ్య చేతిలోని గొంగడి లాక్కున్నాడు. మూల తిప్పి చూశాడు. అక్కడ ఎర్రదారం కట్టి ఉంది.

"ఏందిది?"

"దారం," అన్నాడు సత్తయ్య నింపాదిగా.

"నాకు కండ్లు లేవనుకున్నవా? ఇది మా ఇంటి గుర్తు. మా అవ్వ చేతి ముడి. నీ గొంగళ్ళకెట్ల వచ్చింది?"

"దారం మీద నీ పేరున్నదా కుర్మన్నా? నా ఉన్ని, నా మగ్గం, నా దారం."

"ఏం ఉన్నిరా నీది? చచ్చిన గొర్రెను గీకి తెచ్చినవా? వాసన కొడుతున్నది!"

"నోరు జాగ్రత్త! గసొంటి ఉన్ని అమ్మినోన్ని అంగట్ల కూసోనిస్తరా ఎవలన్న?"

కుర్మయ్యకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి! షాద్‌నగర్ పోయినా, మహేశ్వరం పోయినా జనం "ఎర్రదారం గొంగడి ఉన్నదా?" అని అడిగి కొంటున్నారంటే అదంతా అతని నోటి కష్టమే. మందలో సగం గొర్రెలు చచ్చిపోయిన యేడు మొదలైంది ఆ సంగతి. ఇంట్లో గింజల్లేవు. తల్లి దుర్గవ్వ మహేశ్వరంలో కూతురి పురుడుకని వెళ్ళింది. అటక మీద వెదికితే, విడిగా మూటకట్టిన గొంగళ్ళు దొరికాయి. ప్రతిదాని మూలకూ ఎర్రదారం ఉంది. మంచివి ఏరి దాచిపెట్టింది ముసల్ది, అనుకున్నాడు. షాద్‌నగర్ అంగడికి మోసుకుపోయి, "ఇవి మా అవ్వ ఏరి పెట్టినవి, అందరికీ ఇయ్య" అని గొంతు చించుకున్నాడు. ధర కూడా పెంచి చెప్పాడు. అందరికీ ఇవ్వనన్న సరుకు మీద అందరూ పడ్డారు. పొద్దు వాలకముందే మూట ఖాళీ అయింది. అప్పటినుంచి నేసిన ప్రతి గొంగడికీ తల్లి చేత అదే దారం కట్టిస్తున్నాడు. పోయిన మంద మళ్ళీ రాలేదు. ఆ దారమే ఇప్పుడు అతని మంద.

దాన్ని దొంగిలిస్తే ఊరుకుంటాడా? అదీ ఇవాళ!

ఇవాళ పట్నం నుంచి వ్యాపారి అనంతయ్య వచ్చి కూర్చున్నాడు. యుద్ధం మొదలైనప్పటినుంచి మిల్లు కంబళ్ళన్నీ ఫౌజుకే పోతున్నాయి. పట్నంలో గొంగళ్ళకు గిరాకీ పెరిగింది. అతని దుకాణాలకు సరుకు పోసే మనిషికి ఇక ఏడాది పొడుగునా మగ్గం ఆగే పని లేదు.

"మీ లొల్లి నాకొద్దు," అన్నాడు అనంతయ్య విసుగ్గా. "గొంగడి ఎవరైనా నేస్తరు. నేను కొనేది గుర్తును. పట్నంలగూడ ఎర్రదారమే అడుగుతున్నరు. అదెవరిదో తేల్చుండ్రి. వాళ్ళకే బయానా ఇస్త. రెండోవాడు ఆ దారం ముట్టొద్దు."

పక్కన కూర్చుని ఉన్ని వడుకుతున్న దుర్గవ్వ తల ఎత్తింది.

"కొడకా, ఆ దారం సంగతి జర చెప్త..."

"నువ్వు ఊకో అవ్వా! దారం సంగతి నాకు ఎరుకనే."

ఆమె ఊరుకుంది. అలా ఊరుకోవడం ఆమెకు కొత్త కాదు. ఎప్పుడు ఈ మాట ఎత్తినా కుర్మయ్య ఇలాగే నోరు మూయించేవాడు. ఇంట్లో రెండుపూటలా పొయ్యి వెలుగుతుండేసరికి, ఆమె కూడా గట్టిగా ఎత్తడం మానేసింది.

కులపెద్ద సోమయ్య వచ్చాడు. ఇద్దరి మాటా విన్నాడు.

"కుర్మయ్యా, మీ అవ్వనే మొదలు కట్టిందని రుజువేంది?"

"రుజువా? గొంగడి పరువుండ్రి! బీరప్ప సాక్షిగ మా అవ్వనే చెప్తది!"

ఎవరో గొంగడి తెచ్చి పరిచారు. గొంగడి పరిచి, పసుపు పెట్టి, కులదేవుడు బీరప్పను తలుచుకున్నాక అబద్ధమాడిన కుర్మ మనిషి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో లేడు. దుర్గవ్వ కదురు పక్కన పెట్టింది.

"వద్దు కొడకా. నన్ను గొంగడి మీద నిలపకు. సత్తయ్యనుగూడ కట్టుకోనీ. ఇద్దరు బతకుండ్రి."

"ఎవని దిక్కు మాట్లాడుతున్నవ్? మనం పస్తులున్ననాడు వీడొచ్చిండా? లే! ఎక్కు!"

కుర్మయ్య ఆమె చెయ్యి పట్టి గుంజాడు. ముసలామె తూలి పడబోయింది. "అవ్వను గట్ల గుంజుతవేందిరా?" అని ఎవరో కసిరారు. కోపం చెవులు మూసిన మనిషికి అది ఎక్కడ వినబడుతుంది!

దుర్గవ్వ చెయ్యి విదిలించుకుని తనంతట తానే గొంగడి మీదికి ఎక్కింది. ఇప్పుడు ఆమె కళ్ళలో భయం లేదు. కొడుకు కళ్ళలో ఉన్నదే ఆమె కళ్ళలోనూ ఉంది.

"ఇన్నేండ్ల సంది చెప్తనంటే ఊకో, ఊకో అంటివి. ఇగ నేను ఊకోను."

"దుర్గవ్వా," అన్నాడు సోమయ్య, "ఎర్రదారం మొదలు కట్టింది నువ్వేనా?"

"నేనే. బీరప్ప తోడు."

"ఇన్నరా!" కుర్మయ్య సత్తయ్య గొంగడిని దుమ్ములోకి విసిరికొట్టాడు. అనంతయ్య నవ్వి నడుముకున్న సంచి ముడి విప్పాడు. సత్తయ్య మొహం మాడిపోయింది. అయినా పంతం చావలేదు.

"దేనికి కట్టినవో గూడ చెప్పు పెద్దవ్వా."

"చెప్పవ్వా!" కుర్మయ్య రొమ్ము విరుచుకుని అరిచాడు. "అంగడంత ఇనేటట్టు చెప్పు!"

దుర్గవ్వ కొడుకు మొహంలోకి సూటిగా చూసి, గొంతెత్తి చెప్పింది.

"రోగమొచ్చి చచ్చిన గొర్రెల ఉన్నివి, అమ్మొద్దని కట్టిన."