వంపు మీద పూత

“ముట్టుకోకు తాతా, చెమట అంటుతుంది.”

నూకరాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పావుకిలో చింతపండు కోసం వచ్చిన ముసలాయన.

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో కొట్టు వినీత వాళ్ళ నాన్నది. ఆయన భోజనానికి వెళ్తే ఆ అమ్మాయి కూర్చుంది. ముందు రెండు లోహపు ముక్కలు, చేతిలో భూతద్దం.

“ఏటమ్మా అయ్యి?”

“నా రీసెర్చి. లోహం వేడికి పాడవకుండా సిరామిక్ పొడిని ప్లాస్మా మంటలో కరిగించి పైన చల్లుతాం. బల్లపరుపు మీద బాగానే పడుతుంది. వంపు మీద పూత లోపలంతా బొరియలే. ఊడొచ్చేస్తోంది.”

“మరి ఆ రెండోది?”

“అది రైల్వే తుక్కులో దొరికింది. దానికీ వంపే, పూత చెక్కుచెదరలేదు. వెనకాల నంబరే ఉంది, పేరు లేదు. చేసినాయన కనిపిస్తే కాళ్ళమీద పడి అడుగుదును. ఎనిమిది నెలలుగా తిండి సయించడం లేదు నాకు.”

“ఓపాలి ఎనక్కి తిప్పి సూడొచ్చా?”

“వద్దన్నానా తాతా.”

ముసలాయన నవ్వాడు. “ఠీక్ హై. వంపుని బట్టి సెయ్యి తిరగాలమ్మా. ఒక్కసోటే నిలబడి కొడితే అంచుల కాడ ఏటవాలుగా పడి సెదిరిపోద్ది. ఎక్కడికక్కడ తిన్నగా తగలాల.”

“ఇది గోడకు సున్నం కాదు తాతా.”

“అవున్లెమ్మా.” పొట్లం తీసుకుని, సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

రెండు నెలలకి, ఇంకేమీ తోచక, అలాగే చేసి చూసింది వినీత. పొడి చల్లే గన్నుని వంపు వెంట తిప్పింది. పూత నిలబడింది. మైక్రోస్కోపు కింద బొరియలు వెతికినా దొరకలేదు. పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది.

దారిలో ఇందా బజారులో మిఠాయి కొంది. పాత ముక్కనీ సంచీలో వేసుకుంది. ఈసారి ఎంతసేపు చూస్తానంటే అంతసేపు చూడనివ్వాలి. నాన్న చెప్పిన గుర్తులతో నిమ్‌పురాలో ముసలాయన ఇంటికి వెళ్ళింది.

తలుపు తీసింది ఆయన భార్య దాలమ్మ.

“ఆయన ఎల్లిపోనాడమ్మా. పెద్దకర్మ కూడా అయిపోనాది.”

మిఠాయి ఎక్కడ పెట్టాలో తెలియక వినీత అలాగే నిలబడింది.

“రైల్వే వర్క్‌షాపు సైరను ఇనిపిస్తే సాలు, రిటైరయినా సైకిలు తుడిసీవోడు,” అంది దాలమ్మ. “గేటు కాడ సూపించే టోకెన్ బిళ్ళ ఉంటాది కదా, అది పోనాదని ఆఫీసోళ్ళకి సెప్పి దాసీసినాడు. సేసిన పని ఎనకాల ఆ నంబరే కొట్టీవోడు.”

గోడ మీద ఫొటో. దండ పక్కన ఇత్తడి బిళ్ళ వేలాడుతోంది.

వినీత సంచీలోంచి ముక్క తీసింది. మెల్లగా వెనక్కి తిప్పింది.

బిళ్ళ మీదా, ముక్క మీదా ఒకటే అంకె, 417.