గొట్టం మీద జవాబు

కర్నూలు రాజధాని అయిన ఏడు. ఆదోని నూనెమిల్లులో ఆవిరి వదిలే ముందు మాదన్న గొట్టం మీద పానాతో ఒక దెబ్బ కొట్టేవాడు. అవతలి షెడ్డులో మనిషి గొట్టంలో నిలిచిన నీళ్లు వదిలేసి, తిరిగి రెండు దెబ్బలు కొట్టాలి. అప్పుడే వాల్వు తిప్పాలి. నీళ్లుండగా తిప్పితే, ఆవిరి ఆ నీళ్లనే సమ్మెటలా విసిరి గొట్టాన్ని పగలగొడుతుంది. కిందటి నెల అవతలి షెడ్డులో జవాబు కొట్టే యేసేపు అట్లాగే చచ్చిపోయాడు. అప్పట్నుంచి మాదన్నకు ఏడుపూ రాలేదు, ఆకలీ తెలియలేదు.

ఆ రాత్రి మాదన్న కొట్టాడు. జవాబు వచ్చింది. ఒక దెబ్బ, కాస్త ఆగి, మెల్లగా ఇంకొకటి. అది యేసేపు కొట్టే తీరు. మాదన్న చెయ్యి వాల్వు మీదికి పోయింది.

"ఉండన్నా," అంటూ వెనకనుంచి లాంతరుతో వచ్చాడు, యేసేపు చోట కొత్తగా చేరిన ఈరన్న. "నేనింకా ఆడికి పోనేలేదు. నీళ్లు ఇడిసినాక కొడతా."

"మరి ఇప్పుడు కొట్టిందెవరప్పా?"

"ఆడ ఎవురూ లేరన్నా."

లాంతరు గొట్టం వెంబడే చీకట్లోకి పోయింది. అది సగం దారిలో ఉండగానే గొట్టం మళ్లీ మోగింది. ఒక దెబ్బ. కాస్త ఆగి, మెల్లగా ఇంకొకటి.

మాదన్న కిందికి చూశాడు. అలవాటుపడిన చెయ్యి అప్పటికే వాల్వు తిప్పుతోంది.