మూడో వాక్యం

"చదువు!" భర్త ఆమె జుట్టు పట్టుకుని నోటుబుక్కు మీదికి వంచాడు. "సూపర్‌వైజరువి అవుతావటగా? నీకేం చేతనవుతుందో నేనూ వింటాను."

కుట్టు ఫ్యాక్టరీలో రేపే ఇంటర్వ్యూ. ఆమె చిట్లిన పెదవి తుడుచుకుని చదివింది. "ఐ యామ్ ఏబుల్ టు రన్ సిక్స్ మెషీన్స్. ఐ యామ్ గుడ్ ఎట్ కటింగ్."

"మూడోది?"

"కేపబుల్ ఆఫ్... అంటే, ఆ పని చేసే సత్తా ఉందని. ఏం రాయాలో తోచక వదిలేశాను."

చెంప ఛెళ్లుమంది.

"మా నాన్న కొట్టినన్నాళ్లూ మా అమ్మ కుక్కిన పేనులా పడుంది. నీకు సత్తా కావాల్సొచ్చిందా?" అంటూ బెల్టు ఊడదీశాడు.

లేచిన బెల్టు ఆమె వీపు మీద పడలేదు. అతని మణికట్టు మీద ఇనప రోకలి పడింది. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

"అమ్మా! నన్నే కొడతావా?" అతను చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు.

అత్తగారు ఒగరుస్తోంది. "నెల్రోజుల నుంచి వంటింట్లో వింటున్నాన్రా, ఈ పిల్ల ఏబుల్ టు, గుడ్ ఎట్ అని వల్లె వేస్తుంటే. నిన్న అర్థం అడిగి చెప్పించుకున్నాను. ఇన్నేళ్లూ నాకు చేతకాదనే అనుకున్నాన్రా."

రోకలి దించకుండానే కోడలి వైపు తిరిగింది.

"ఆ మూడోది నా గురించి రాయమ్మా, ఎత్తిన చెయ్యి ఆపే సత్తా ఉందని. రేపు అక్కడ చదివేటప్పుడు నా పేరు తీసేసి నీ పేరు పెట్టుకో."