ఐదు అడ్డం

"ఐదు అడ్డం 'జనని' ఎలా వచ్చింది మాస్టారూ?"

సుబ్బరత్నం గొంతులో కోపం లేదు. రత్తయ్యకి అందుకే ఎక్కువ భయం వేసింది.

"ఎలా ఏముందమ్మా, ఆధారాన్ని బట్టే" అన్నాడు కళ్ళజోడు తుడుచుకుంటూ.

"ఆధారం ఇదండీ. 'వెనుదిరిగిన ఏనుగు తినడం మొదలుపెడితే లోకమంతా!' ఏనుగంటే గజ, తిప్పితే జగ. తినడంలో మొదటి అక్షరం తి. జగతి. బాలశౌరి అదే రాశాడు, మణెమ్మగారూ అదే రాశారు. మీరు రాసిన జనని పాత ఆధారానికి జవాబు. అది నచ్చక నిన్ననే మార్చేశాను. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు."

భవానీపురంలో సుబ్బరత్నం ఫ్లాటుకి ఏటా వినాయక చవితి నాడు పజిల్ పిచ్చోళ్ళు చేరతారు. ఆవిడ కూర్చిన గళ్ళ నుడికట్టుని ఎవరు ముందు సరిగ్గా నింపితే వాళ్ళకి మొదటి కుడుము. ఓస్, కుడుమేనా అనకండి. ఆ కుడుము కోసం రత్తయ్య ఇంట్లో పూజ సగంలో వదిలేసి, భార్య రావమ్మ పిలుస్తున్నా వినిపించుకోకుండా వచ్చేశాడు. ఇక్కడున్న అందరికీ ఈ విద్య నేర్పింది తనే. అందుకే మాస్టారు అయ్యాడు. శిష్యుల ముందు ఓడిపోతే తల ఎక్కడ పెట్టుకోవాలి?

తీరా ఇవాళ బుర్ర మొరాయించింది. ఒక మూలంతా ఖాళీ. మిగతావాళ్ళు కాఫీ గ్లాసులు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళినప్పుడు మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాడు. కందిపప్పు డబ్బా కింద కాగితం అంచు కనపడింది. సుబ్బరత్నం చేతిరాతలో జవాబులు. చూడకూడదు, చూడకూడదు అనుకుంటూనే లాగాడు. ఆ మూలకి కావలసిన మాటలు గుర్తుపెట్టుకొచ్చి, ఆధారాలు చదవకుండా గబగబా నింపేశాడు. ఛీ, ఈ వయసులో ఇదేం బుద్ధి!

"మాస్టారిని అలా అడుగుతారేంటి మేడమ్?" బాలశౌరి లేచి నిలబడ్డాడు. గన్నవరం ఎయిర్‌పోర్టులో పనిచేస్తాడు. పండగ తనది కాకపోయినా ఈ ఒక్క సాయంత్రం కోసం సెలవు పెట్టుకుని వస్తాడు. ఇవాళ రత్తయ్య వెనకే పూర్తిచేసింది అతనే. "ఆయన పొరపాటున ఏదో రాసుంటారు. అంతేగానీ..."

"నేనేం అన్నానయ్యా? ఎలా వచ్చిందని అడిగాను."

నిజం చెప్పేద్దామనే రత్తయ్య నోరు తెరిచాడు. ప్రమాణపూర్తిగా. కానీ ముగ్గురూ తన ముఖంలోకే చూస్తున్నారు. నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"నా ఖర్మ కాకపోతే ఏంటమ్మా! జ ఒక్కటీ దొరికితే తోచిన మాట రాసేశాను. ఇందాక మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు వంటింటి కిటికీలోంచి చంద్రుడు కనపడ్డాడు. ఇంట్లో కథ విననేలేదు, నెత్తిన అక్షింతలు పడలేదు. ఇదిగో, అప్పుడే నింద వచ్చి పడింది!"

చవితి నాడు కథ వినకుండా చంద్రుణ్ణి చూస్తే చేయని తప్పు మీద పడుతుందన్నది అక్కడ అందరికీ తెలిసిందే. మణెమ్మ సుబ్బరత్నం వైపు చూసింది. సుబ్బరత్నం బాలశౌరి వైపు చూసింది.

"అయ్యయ్యో, చవితి చంద్రుణ్ణి చూశారా!" సుబ్బరత్నం లేచింది. "అయితే ఇది నీలాపనిందే. పండగపూట నోరు జారాను మాస్టారూ, ఏమనుకోకండి."

"నువ్వు కథ చెప్పమ్మాయ్, నేను అక్షింతలు వేస్తాను" అంది మణెమ్మ. అందరిలోకీ పెద్దావిడ.

సుబ్బరత్నం శమంతకమణి కథ చెప్పింది. కృష్ణుడి మీద దొంగతనం మోపారనే చోటుకి రాగానే రత్తయ్యకి చెమటలు పట్టాయి. పాపం కృష్ణుడు దొంగిలించలేదు. మణెమ్మ నెత్తిన అక్షింతలు వేసి, "ఇంక ఏ నిందా అంటదులే నాయనా" అంది. ఆ మాటకి ఆయన తల ఇంకా కిందికి వంగిపోయింది.

కుడుము బాలశౌరిదే అయింది. అతను దాన్ని సగం చేసి, "మీరు తినకపోతే నాకు దిగదు మాస్టారూ" అంటూ పెద్ద సగం రత్తయ్య చేతిలో పెట్టాడు. రత్తయ్య కొరికాడు. నీళ్ళు తాగి మింగాడు.

సెలవు తీసుకుని మెట్లు దిగాడు. నమ్మారే, ఒక్క మాటైనా తిరిగి అడక్కుండా నమ్మారే! క్షమించమని సుబ్బరత్నం చేత తనే అనిపించాడు. వీళ్ళ ముఖం రేపు ఎలా చూడటం? వీల్లేదు, ఒక్కరితోనైనా చెప్పేయాలి.

బాలశౌరి గేటు దగ్గర బండి స్టార్ట్ చేసి ఉన్నాడు.

"బాలశౌరీ, నీకో మాట చెప్పాలయ్యా. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

"ముందు ఎక్కండి మాస్టారూ, తడిసిపోతాం" అన్నాడు బాలశౌరి, అటు తిరిగే. "మనం పజిల్‌కి కూర్చున్న కాసేపటికే కమ్మేసింది, చూడండి ఎంత మబ్బో. ఇందాక బాల్కనీలో మేం ముగ్గురం అదే అనుకున్నాం, ఈ చవితికి చంద్రుడు కనపడే భయమే లేదని."