మిద్దె కింద

"సచ్చినా నేను ఆ మట్టిమిద్దె కిందికి రాను. బిడ్డనూ పోనీను," అంది నాగేంద్రమ్మ.

వీధిలో ఎదురింటి గోడ వారగా నులకమంచం. దాని మీద ఆమె కూతురు నీలావతి, ఒళ్లో పురిటిబిడ్డ. డిసెంబరు చలిగాలి ధర్మవరం సందుల్లో రివ్వున కొడుతోంది. బిడ్డకు ముక్కు మూసుకుపోయింది. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో గురగురమంటోంది. ఇంకా చలిలోనే ఉంచితే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుందని డాక్టరు గట్టిగానే చెప్పి వెళ్లాడు.

అయినా నాగేంద్రమ్మ కదల్లేదు. ఎక్కడో మహారాష్ట్రలో, కొయినా దగ్గర భూకంపం వచ్చిన రోజున ఈ ఇంట్లోనూ అటక మీది చెంబులు గలగలలాడాయి. అప్పట్నుంచీ కాపురం వీధిలోనే. చెప్పి చెప్పి విసిగిపోయిన ఆమె భర్త హనుమప్ప, మగ్గం ఆపుకుని, హిందూపురంలో సైన్సు మాస్టరుగా ఉన్న బామ్మర్దికి కబురంపాడు. అందగానే నాగరాజు బస్సెక్కి వచ్చేశాడు.

"అక్కా, ఒక్క మాట వినుకో."

"నీ మాట వినేదానికి నేనేమన్నా నీ బడిపిల్లనేమిరా? నెత్తిన అంత మన్ను పెట్టుకోని ఎట్ల పండుకునేది?"

నాగరాజు వాదించలేదు. పొయ్యిలోకని పోగేసిన కట్టెల్లోంచి ఒక ఎండు కందిపుల్ల లాగాడు.

"ఈ కొస పట్టుకో."

ఆమె అయిష్టంగానే పట్టుకుంది. రెండో కొస తను పట్టుకుని మెల్లగా వంచసాగాడు.

"ఏమయితాంది?"

"వంగుతాంది."

"భూమి లోపల బండ గూడా ఇంతే. పక్కనుంచి ఒత్తిడి పడే కొద్దీ వంగుతా పోతాది. ఏండ్లకేండ్లు ఓర్చుకుంటాది. ఓర్చుకోలేని రోజు..."

పుల్ల ఫట్టున విరిగింది. నాగేంద్రమ్మ చెయ్యి విదిలించుకుంది.

"జివ్వుమనిందా?"

"అనింది."

"విరిగింది నడుమన. నీ చేతికాడ ఏమీ విరగల్యా. అదురు మాత్రం వచ్చింది. కొయినా కాడ బండ విరిగింది, మనకు తగిలింది దాని అదురు. చెరువులో రాయేస్తే అల గట్టుకు వచ్చేసరికి ఎట్ల సన్నగిల్లుతాదో, ఇదీ అంతే."

ఆమె చేతిలోని ముక్కను తిప్పి చూసింది.

"మళ్ల మన కాళ్ల కిందనే విరిగితే?"

"మన కింద ఉండేది పాతబండక్కా. శానా గట్టిది. విరగదు."

"విరగనే విరగదా?"

నాగరాజు నోటిదాకా వచ్చిన జవాబు ఆగింది. అతను చదివిన పుస్తకాల్లో ఎక్కడా ఈ సీమలో భూకంపం 'రాదు' అని లేదు. 'అరుదు' అనే ఉంది. బడిలో అయితే ఆ తేడా పిల్లల చేత రెండుసార్లు పలికించేవాడు. బిడ్డ వైపు చూశాడు. ఊపిరి తీస్తున్నప్పుడు డొక్కలు లోపలికి లాక్కుపోతున్నాయి.

"విరగదు. ఏమన్నా అయితే నన్నడుగు."

నాగేంద్రమ్మ చేతిలోని పుల్లముక్క కింద పడేసింది. తర్వాత కూతురి ఒళ్లోంచి బిడ్డను ఎత్తుకుని, గడప ముందు ఒక్క క్షణం ఆగి, లోపలికి అడుగు పెట్టింది.

తలుపులు మూశారు. కుంపటి రాజేశారు. కాసేపటికి గది వెచ్చబడింది. ఉయ్యాలలో బిడ్డ గురగుర తగ్గి, పిడికిళ్లు వదులై నిద్రపోయింది. నీలావతి కూడా గోడకు ఆనుకుని కళ్లు మూసింది. హనుమప్ప బామ్మర్ది భుజం తట్టాడు.

నాగేంద్రమ్మ వేడివేడి సంగటి పెట్టింది. నాగరాజు రెండో ముద్ద కలుపుతుండగా కింద నేల సన్నగా వణికింది. చెంబులు ఒకదానికొకటి తగిలి మోగాయి. దూలం సందులోంచి కాస్త మన్ను జారి ఉయ్యాల గుడ్డ మీద పడింది.

"అయ్యో, బిడ్డ!" అంటూ నాగేంద్రమ్మ ఉయ్యాల మీద వంగింది.

"బండి అక్కా, బండి!" నాగరాజు నవ్వాడు. "రైలుకట్ట పక్కన కాపురముంటా రైలుకే భయపడితే ఎట్ల?"

"గూడ్సు బండి," అన్నాడు హనుమప్ప. "బరువు జాస్తి ఉన్నట్టుండాది."

నాగేంద్రమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఆమెకూ నవ్వొచ్చింది. ఇన్ని రోజులకు అదే మొదటిసారి.

"నా బుద్ధి మండ! పెండ్లయి వచ్చినప్పట్నుంచి ఇంటాండే సద్దే గదా," అని ఉయ్యాల మీది మన్ను దులిపింది. బిడ్డకు దుప్పటి సరిచేసి, తనూ పక్కనే చాప పరుచుకుని పడుకుంది. ఎన్నాళ్ల అలసటో, ఇట్టే నిద్ర పట్టింది.

అందరినీ అలా వదిలి నాగరాజు చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. మనసు తేలిగ్గా ఉంది. సంచి భుజాన వేసుకుని కట్ట వెంబడే స్టేషనుకు నడిచాడు. ప్లాట్‌ఫారం మీద జనం లేరు. ఒక పోర్టరు బెంచీ మీద కాళ్లు చాపుకుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏమప్పా, హిందూపురం ప్యాసింజరు ఎప్పుడు?"

"ఈపొద్దు ల్యా సార్, బస్సుకు పోండి," అన్నాడు పోర్టరు. "పట్టాల పని జరుగుతాంది. తెల్లారినప్పట్నుంచి ఈ లైన్లో ఒక్క బండి గూడా కదల్యా."