కువైట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు

"నాలుగయింది. పెండ్లికొడుకు జాడ లేదు" అని దిల్‌సుఖ్‌నగర్ చర్చి మెట్ల మీద ఎవరో గొణిగారు. యెహెజ్కేలు విననట్టే ఉండి, శుభలేఖ వెనక పెన్సిల్‌తో వేసుకున్న లెక్క మళ్లీ చూశాడు.

కువైట్‌లో పొద్దున ఎనిమిదికి విమానం. బొంబాయి పదిహేడు వందల మైళ్లు, నాలుగు గంటలు. అక్కడ ఓ గంట ఆగడం. బేగంపేటకు ఇంకో గంటన్నర. రెండున్నరకే దిగాలి. ఇంకా రాలేదంటే అల్లుడు ఎక్కనే లేదు.

"ఏడు దాటితే పెండ్లి చెయ్యడానికి చట్టం ఒప్పుకోదు, యెహెజ్కేలూ" అన్నాడు పాస్టరు. "రేపటి నుంచి కర్ఫ్యూ అంటున్నరు."

లోపల తెల్లచీరలో కూతురు రెబెక్క తల వంచుకుని కూర్చుంది. తల్లి లేని పిల్ల.

"ఆయన ఎక్కే ఉంటారండీ" అంటూ పక్కింటి వెంకట్రావు ముందుకొచ్చాడు. గుంటూరు మనిషి, విమాన టికెట్ల ఆఫీసులో గుమాస్తా. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం మొదలైన నాటి నుంచి యెహెజ్కేలు అతనితో మాట్లాడడం మానేశాడు. పెండ్లికి పిలిచింది రెబెక్క.

"కువైట్‌లో ఎనిమిదంటే మనకి పదిన్నర. వాళ్ల గడియారం రెండున్నర గంటలు వెనక. అయిదింటికి దిగుతారు."

"మా నౌకరీలు మీరే తీస్కుంటిరి. ఇగ మా గడియారం గూడ మీరే తిప్పుతరా?"

నలుగురూ నవ్వారు. వెంకట్రావు ముఖం ఎర్రబడింది.

"కోపం తర్వాత పడుదురుగాని. బేగంపేట నుంచి ఇక్కడికి తొమ్మిది మైళ్లు. బందులో బస్సు లేదు, రిక్షా లేదు. నడిచొస్తే ఏడు దాటిపోదూ?"

"మలక్‌పేట కాడ బండ్లు ఆపుతున్నరు" అన్నాడు అప్పుడే అటు నుంచి నడిచొచ్చిన కొమరయ్య. "ఆంధ్రోడు దొరికితే బండికి అంటువెడతరట."

వెంకట్రావు మెట్లు దిగి, లాంబ్రెటా స్కూటరు స్టార్టు చేసి వెళ్లిపోయాడు.

"సూడు, మాట వింటెనే ఉరికిండు!" అన్నాడు యెహెజ్కేలు.

అయిదయింది. ఆరయింది. ఆరున్నరకు చుట్టాలు చెప్పులు వెతుక్కోసాగారు. పాస్టరు బైబిలు మూశాడు. రెబెక్క లేచొచ్చి గుమ్మంలో నిలబడింది.

ఆరూ యాభైకి మూసారాంబాగ్ వైపు నుంచి లాంబ్రెటా చప్పుడు! వెనక సీటు మీద, సూటుకేసు ఒళ్లో పెట్టుకుని పెండ్లికొడుకు సుందరయ్య!

"ఒచ్చిండు! ఒచ్చిండు!"

గంట మోగింది. ఉంగరమేదని ఒకరు, దండేదని ఒకరు పరుగులు. పాస్టరు ఒక కన్ను గడియారం మీదే ఉంచి చదివాడు. ఏడింటికి రెండు నిమిషాలున్నాయనగా "ఆమేన్" అన్నాడు.

అప్పుడు కనబడ్డాడు యెహెజ్కేలుకు వెంకట్రావు, మెట్ల మీద చెమటలు కక్కుతూ. దగ్గరికెళ్లి నిలబడ్డాడు.

"నిన్ను ఎట్ల రానిచ్చిన్రయ్యా?"

వెంకట్రావు నోరు తెరిచాడు. గాలి తప్ప మాట రాలేదు.

"ఆయన్ని అడగకు మామా" అన్నాడు సుందరయ్య. "బేగంపేట నుంచి గీడిదాంక 'జై తెలంగాణ' అని అరిసి అరిసి గొంతు పోయింది."